సెల్ఫ్ మోటార్ ఎక్స్‌చేంజ్‌కి ఇచ్చారా? మీ అంబాసిడర్‌ని మీరే కాటా ఎక్కించారు!

ఆగండి! ఆ పాత సెల్ఫ్ మోటార్ కౌంటర్ మీద పెట్టకండి. ఆల్రెడీ పెట్టేశారా? డబ్బులు ఇంకా ఇవ్వలేదు కదా? అయితే తీసుకుని చంకలో పెట్టుకుని బయటికి వచ్చేయండి. మిగతాది తర్వాత మాట్లాడుకుందాం.

నమస్తే అండీ. ఇదిగో నా చేతిలో ఉన్న సెల్ఫ్ మోటార్ చూడండి, ఇంజన్‌ని మొదట తిప్పి స్టార్ట్ చేసేది ఇదే. మసి పట్టింది, పెయింట్ పోయింది, ఒక పక్క సొట్ట కూడా ఉంది. షాపులో ఇది చూడగానే ఏమంటారో తెలుసా? "ఇది ఇచ్చేసి కొత్తది పట్టుకెళ్ళండి సార్, ఐదు వందలు తగ్గిస్తాం." ఐదు వందలకి ఇచ్చేస్తారా? నేను చెప్తున్నా, అంబాసిడర్ ఉన్నవాళ్ళ చేతిలో ఇంతకంటే విలువైన సామాను ఇంకోటి లేదు. అది తిరిగినా సరే, తిరగకపోయినా సరే.

రెండు వారాల నుంచి గొడవ నడుస్తోంది, మీకు తెలుసు. తెలియని వాళ్ళ కోసం రెండు ముక్కల్లో చెప్తాను. రాజమండ్రిలో ఒక బాబాయ్ గారు, ఆయనకి పెట్రోల్ అంబాసిడర్, మార్క్ ఫోర్ మోడల్. పొద్దున్నే సెల్ఫ్ కొడితే 'టక్' అని ఆగిపోయింది. మెకానిక్ మోటార్ విప్పి "సెల్ఫ్ పోయింది బాబాయ్, ఎక్స్‌చేంజ్‌లో తెస్తా" అన్నాడు. సాయంత్రానికి నల్లగా నిగనిగలాడే మోటార్ తెచ్చి బిగించాడు. మూడు రోజులు బాగానే నడిచింది. నాలుగో రోజు కర్ర్‌ర్‌ర్ మని రాళ్ళు నూరినట్టు చప్పుడు. విప్పి చూస్తే రింగ్ గేర్ పళ్ళు, అంటే ఇంజన్‌ని తిప్పడానికి మోటార్ పట్టుకునే పెద్ద చక్రం పళ్ళు, కొరుక్కుపోయాయి. బాబాయ్ గారు పరిగెత్తుకుంటూ షాపుకి వెళ్ళి "నా పాతది నాకిచ్చేయండి" అంటే, అది అప్పటికే పాత ఇనుముకి వెళ్ళిపోయింది. ఇదీ జరిగింది.

నేను పోయిన వీడియోలో తప్పు మోటార్‌ది కాదు, పాతది ఇచ్చేయడమే తప్పు అన్నాను. దాంతో కొంతమంది మెకానిక్ అన్నలకి కోపం వచ్చింది. "నువ్వు మా పొట్ట కొడుతున్నావ్" అన్నారు. ఆ కోపానికి ఈరోజు సమాధానం చెప్తా. కానీ ముందు నా మాట పూర్తిగా వినండి.

నా మాట ఒక్కటే. మన దగ్గర అంబాసిడర్లని చంపింది తుప్పు కాదు. పెట్రోల్ రేటు కాదు. కోల్‌కతా దగ్గర ఉత్తర్‌పారాలో అంబాసిడర్ ఫ్యాక్టరీ 2014 మేలో ఆగిపోవడం కూడా కాదు. వాటిని చంపింది కాటా. పాత సామాన్ల కొట్టులో ఉండే కాటా! ఈ మోటార్ లోపల ఉన్నది రాగి. మధ్యలో తిరిగే ఆర్మేచర్‌లో రాగి, దాని చుట్టూ కదలకుండా ఉండే ఫీల్డ్ కాయిల్స్‌లో రాగి. మోటార్‌గా మీకు పనికిరానిది రాగిగా ఎప్పుడూ పనికొస్తుంది. కిలోల లెక్కన తూచి, బద్దలు కొట్టి, కరిగించేస్తారు. ఒక్కో మోటార్ అలా వెళ్ళిపోతుంటే, పదేళ్ళ తర్వాత మనం షాపుకి వెళ్ళి అడిగితే "దొరకదు సార్" అంటారు. ఎక్కడి నుంచి దొరుకుతుంది? మనమే కదా ఇచ్చేసింది!

సరే, ఇప్పుడు అసలు విషయానికి వద్దాం. ఎక్స్‌చేంజ్ మోటార్ ఎందుకు సరిపోదు?

మీరు కౌంటర్ దగ్గర ఏం చెప్తారు? "అంబాసిడర్ సెల్ఫ్ మోటార్ ఇవ్వండి." అక్కడే మోసపోతారు. ఎవరూ మోసం చెయ్యక్కర్లేదు, మీ ప్రశ్నలోనే మోసం ఉంది. ఏ అంబాసిడర్? 1958 నుంచి 2014 దాకా ఒకే ఆకారం, ఒకే పేరు. బానెట్ ఎత్తితే మాత్రం వేరే వేరే బండ్లు. మొదట్లో పాత సైడ్ వాల్వ్ ఇంజన్ వచ్చింది, అది కొద్ది కాలమే. తర్వాత మనందరికీ తెలిసిన 1489 సీసీ పెట్రోల్. అదే 1489 సీసీలో డీజిల్ ఒకటి. 1990ల్లో ఇసుజు 1800 పెట్రోల్, దాంతో పాటు ఫ్లోర్ గేరు, ఐదు గేర్ల బాక్సు. తర్వాత ఇసుజు రెండు లీటర్ల డీజిల్. చెప్పండి, వీటిల్లో మీది ఏది?

ఇంకో ఘోరం ఏంటంటే, మన దగ్గర ఎన్నో పెట్రోల్ అంబాసిడర్లలో తర్వాత డీజిల్ ఇంజన్ ఎక్కించారు. డీజిల్ చౌకగా ఉన్న రోజులవి. ట్యాక్సీ వాళ్ళు చేశారు, ఊళ్ళలో రైతులు చేశారు. తప్పు పట్టను, అప్పుడు బతుకుతెరువు అది. కానీ ఈరోజు మీరు ఆర్‌సీ చూసి మోటార్ కొంటే ఏమవుతుంది? ఆర్‌సీలో సంవత్సరం ఒకటి, బానెట్ కింద ఇంజన్ ఇంకో సంవత్సరానిది, గేర్‌బాక్సు మూడో బండిది కావచ్చు! డీజిల్‌కి, పెట్రోల్‌కి ఒకే మోటార్ ఎలా సరిపోతుంది? పెట్రోల్ ఇంజన్‌లో గాలి ఎనిమిదో వంతుకి కాస్త అటూ ఇటూగా నలుగుతుంది. డీజిల్‌లో ఇరవయ్యో వంతు కంటే తక్కువకి నలగాలి. దాన్ని తిప్పాలంటే మోటార్‌కి ఎంత బలం కావాలో ఆలోచించండి.

అందుకే గుర్తు పెట్టుకోండి: సెల్ఫ్ మోటార్ కారుకి చెందింది కాదు. నిజం చెప్పాలంటే ఇంజన్‌కి కూడా కాదు. అది కూర్చునేది బెల్ హౌసింగ్ మీద, అంటే ఇంజన్‌కీ గేర్‌బాక్సుకీ మధ్య ఉండే గంట లాంటి డొప్ప మీద; కొరికేది ఫ్లైవీల్, అంటే ఇంజన్ వెనక తిరిగే బరువైన చక్రం, దాని చుట్టూ ఉన్న రింగ్ గేర్‌ని. ఆ రెండిటికీ సరిపోతేనే మోటార్. లేకపోతే ఇనుప ముద్ద.

ఇప్పుడు బాబాయ్ గారి బండిలో ఏం జరిగిందో చెప్తా, ఇది చాలా మంది మెకానిక్‌లకి కూడా తెలియదు.

పాత పెట్రోల్ అంబాసిడర్లలో ఉండేది ఇనర్షియా రకం మోటార్. ఇదిగో, ఈ బెండిక్స్ చూడండి. స్క్రూ లాగా మెలికలు తిరిగిన షాఫ్ట్ మీద చిన్న పళ్ళ చక్రం. మోటార్ ఒక్కసారిగా గిర్రున తిరగ్గానే ఆ ఊపుకి చక్రం షాఫ్ట్ మీద జారి వెళ్ళి రింగ్ గేర్‌ని పట్టుకుంటుంది. ఇంజన్ అంటుకోగానే వెనక్కి తన్నేస్తుంది. దీనికి సొలెనాయిడ్, అంటే మోటార్‌కి కరెంట్ కలిపే అయస్కాంతపు స్విచ్, మోటార్ మీద ఉండదు, విడిగా ఇంజన్ గది గోడకి ఉంటుంది.

తర్వాత వచ్చింది ప్రీ-ఎంగేజ్డ్ రకం. మోటార్ వీపు మీద చిన్న డబ్బాలా సొలెనాయిడ్ ఉంటుంది కదా, అది. ముందు సొలెనాయిడ్ ఫోర్క్‌తో చక్రాన్ని తోసి పళ్ళల్లో కూర్చోబెడుతుంది, ఆ తర్వాతే మోటార్ తిరుగుతుంది. ఇది మెరుగైన పద్ధతే, కాదనను. కానీ ఒక్క విషయం. ఈ ఇంజన్లకి వచ్చే లూకాస్ అనే బ్రిటిష్ కంపెనీ ఇనర్షియా మోటార్‌లో చక్రం మోటార్ వైపుకి జారి పళ్ళని పడుతుంది. ప్రీ-ఎంగేజ్డ్‌లో మోటార్ నుంచి దూరంగా జరిగి పడుతుంది. అంటే రింగ్ గేర్‌లోకి దూరేది ఒకటి ఒక వైపు నుంచి, ఇంకోటి రెండో వైపు నుంచి! పళ్ళు తేలిగ్గా దూరడానికి రింగ్ గేర్ అంచుని ఒక పక్క ఏటవాలుగా చెక్కుతారు. ఏ వైపు నుంచి దూరుతుందో ఆ వైపే చెక్కుతారు. మీరు తప్పు రకం మోటార్ బిగిస్తే అది చెక్కని వైపు నుంచి పొడుస్తుంది. రోజుకి పది సార్లు పొడుస్తుంది. ఇనుము కదా, మొదట్లో సర్దుకుంటుంది, తర్వాత పళ్ళు రాలతాయి. బాబాయ్ గారి రింగ్ గేర్ ఫోటో నేను చూశాను. అంచులు ఒక పక్కే నలిగిపోయి ఉన్నాయి. కొత్త మోటార్ వీపు మీద సొలెనాయిడ్ ఉంది!

రింగ్ గేర్ మార్చాలంటే మోటార్ మార్చినంత తేలిక కాదు. గేర్‌బాక్సు దింపాలి, క్లచ్ విప్పాలి, ఫ్లైవీల్ తియ్యాలి. పాత రింగ్ కోసి తీసి, కొత్త రింగ్‌ని వేడి చేసి, వేడి మీదే ఫ్లైవీల్‌కి దించి, చల్లారనిచ్చి బిగుసుకునేలా చెయ్యాలి. ఐదు వందలు తగ్గించారని సంతోషపడ్డారు కదా బాబాయ్ గారు. ఆ ఐదు వందలు ఎంతకి తేలిందో చూడండి! నాకు నిజంగా కడుపు మండిపోతోంది. పెన్షన్ డబ్బులతో బండి నడుపుకునే మనిషి ఆయన.

ఇక్కడ ఒక్క నిమిషం పక్కకి వెళ్తాను. మా బావ లండన్‌లో ఉంటాడు. ఫోన్ చేసి "ఇక్కడ ఎంజీబీ అని పాత స్పోర్ట్స్ కారు ఉంది, దాని ఇంజన్ మీ అంబాసిడర్ ఇంజన్‌కి అన్నలాంటిది, మోటార్లు కొత్తవి దొరుకుతున్నాయి, సూట్‌కేస్‌లో పెట్టుకొచ్చేస్తా" అన్నాడు. మాట నిజమే. రెండూ బీఎంసీ అనే బ్రిటిష్ కార్ల కంపెనీ బీ-సిరీస్ ఇంజన్ల కుటుంబమే. మన అంబాసిడర్ మూలం మోరిస్ ఆక్స్‌ఫర్డ్ సిరీస్ త్రీ, అందులోంచే ఈ ఇంజన్ వంశం వచ్చింది. కానీ షాపువాడు మా బావని ఏం అడిగాడో తెలుసా? "1967కి ముందు రింగ్ గేరా, తర్వాతదా?" అని. ఎందుకంటే ఎంజీబీకి కూడా ఆ ఏడాది చివర్లో ఇనర్షియా మోటార్ తీసేసి ప్రీ-ఎంగేజ్డ్ పెట్టారు, దాంతో పాటు ఫ్లైవీల్ రింగ్ కూడా మారింది. చూశారా? అక్కడ కౌంటర్ మీద నిలబడ్డ మనిషి కారు పేరుతో ఆగలేదు, రింగ్ గేర్ అడిగాడు. మన కౌంటర్ల మీద ఈ ప్రశ్న ఎప్పుడైనా విన్నారా? మా బావని తేవద్దన్నాను. కొలతలు లేకుండా సముద్రాలు దాటించినా ఇనుప ముద్ద ఇనుప ముద్దే.

ఇంకో సంఘటన. మా ఏరియాలో ఒకాయనకి మోరిస్ మైనర్ ఉంది, 1960ల మొదట్లోది. ముచ్చటైన బండి. ఎవరో చెప్తే చిన్న సైజు కొత్త రకం మోటార్ తెచ్చి, బ్రాకెట్ చేయించి, ఎంతో కష్టపడి బిగించాడు. సెల్ఫ్ కొడితే మోటార్ బ్రహ్మాండంగా తిరుగుతోంది, ఇంజన్ మాత్రం కదలదు. రెండు రోజులు బుర్ర బద్దలు కొట్టుకున్నారు. కారణం ఏంటంటే, ఆ కాలం బ్రిటిష్ బండ్లలో చాలావాటికి బ్యాటరీ ప్లస్‌ని బాడీకి కలిపేవారు. పాజిటివ్ ఎర్త్. పాత లూకాస్ మోటార్‌కి లోపల అయస్కాంతాలు ఉండవు, ఫీల్డ్ కాయిల్స్ ఉంటాయి, ఆర్మేచర్‌తో వరుసలో. ప్లస్ మైనస్ తిరగేసినా రెండిట్లో కరెంట్ కలిసే తిరగబడుతుంది, కాబట్టి మోటార్ తిరిగే దిక్కు మారదు. కొత్త చిన్న మోటార్లలో చాలావాటికి శాశ్వత అయస్కాంతాలు. వాటికి వైర్లు తిరగేస్తే ఉల్టా తిరుగుతాయి! ఆయనది ఉల్టా తిరుగుతోంది, మోటార్ లోపల ఒక్క దిక్కుకే పట్టే చిన్న క్లచ్ జారిపోతోంది, ఇంజన్ కదలట్లేదు. ఆయన పాత మోటార్ ఎక్కడుంది? ఇంట్లోనే, మంచం కింద! ఇవ్వలేదు ఆ మనిషి. దాన్నే రిపేర్ చేయించి బిగిస్తే బండి ఇప్పుడు రోడ్డు మీద ఉంది. ఆయనకి చేతులెత్తి దండం పెట్టాను.

అసలు ఇంకో ప్రశ్న అడుగుతాను. మీ సెల్ఫ్ మోటార్ నిజంగా పోయిందా?

ఎంతో మంది మంచి మోటార్‌ని విప్పి ఇచ్చేస్తున్నారు. సెల్ఫ్ కొట్టగానే 'టక్' అని ఆగితే, లేదా 'టకటకటక' అని కొట్టుకుంటే, మోటార్ వైపు చూడకముందు బ్యాటరీ చూడండి. మీటర్ పెడితే ఊరికే ఉన్నప్పుడు 12.6 వోల్టుల దగ్గర చూపించాలి. సెల్ఫ్ కొడుతున్నప్పుడు తొమ్మిదిన్నర కంటే కిందికి జారిపోతుంటే ముందు బ్యాటరీని అనుమానించండి. అది బాగుంటే, తర్వాత కేబుల్స్. సెల్ఫ్ తిరిగేటప్పుడు వంద ఆంపియర్లు దాటి కరెంట్ పారుతుంది. టెర్మినల్ మీద తెల్లటి పొడి కొంచెం పట్టినా చాలు, ఆ దారి మూసుకుపోతుంది.

అన్నిటికంటే ముఖ్యం, ఎవరూ చూడనిది: ఇంజన్ ఎర్త్ పట్టీ. ఇంజన్ రబ్బర్ మౌంటింగుల మీద కూర్చుని ఉంటుంది. రబ్బర్‌లోంచి కరెంట్ పోదు. ఇంజన్ నుంచి బాడీకి ఒక అల్లిక పట్టీ ఉంటుంది, కరెంట్ తిరిగి వెళ్ళే దారి అదే. అది తెగిపోతే, తుప్పు పడితే, కరెంట్ ఊరుకుంటుందా? ఇంకో దారి వెతుక్కుంటుంది. చోక్ కేబుల్! ఇంజన్‌కీ డ్యాష్‌బోర్డ్‌కీ కలిపి ఉన్న ఇనుప తీగ అదే కదా. మీ బండిలో సెల్ఫ్ కొట్టిన తర్వాత చోక్ నాబ్ వెచ్చగా తగులుతోందా? కేబుల్ దగ్గర కాలిన వాసన వస్తోందా? అయితే ముందు అనుమానించాల్సింది మోటార్‌ని కాదు, ఎర్త్‌ని! చవకలో దొరికే ఎర్త్ పట్టీ ఒకటి కొని, రెండు చివర్లూ ఉప్పు కాగితంతో రుద్ది బిగించండి. ఇది చూడకుండా మోటార్ విప్పే మనిషికి బండి ఇవ్వకండి.

ఇంకోటి ఉంది. మోటార్ ఇరుక్కుపోవడం. పళ్ళు పళ్ళల్లో ఇరుక్కుని, సెల్ఫ్ కొడితే లైట్లు మసకబారతాయి, ఏమీ కదలదు. పాత లూకాస్ ఇనర్షియా మోటార్ వెనక చివర చిన్న మూత తీస్తే షాఫ్ట్ చివర నాలుగు పలకలుగా ఉంటుంది. ఎందుకు పెట్టారు? పానా పెట్టి తిప్పి విడిపించుకోమని! ఆ కంపెనీ వాళ్ళకి తెలుసు ఇరుక్కుంటుందని, అందుకే దారి కూడా పెట్టారు. లేదా టాప్ గేరులో పెట్టి బండిని ముందుకీ వెనక్కీ ఊపండి, ఊడొస్తుంది. మా నాన్నగారు ఇది ఒంటిచేత్తో చేసేవారు.

నాన్నగారి మాట వచ్చింది కాబట్టి చెప్తా. మా బండికి ముందు బంపర్‌లో రంధ్రం ఉంటుంది, హ్యాండిల్ పెట్టడానికి. చలికాలం పొద్దున సెల్ఫ్ మొరాయిస్తే నాన్నగారు లుంగీ ఎగ్గట్టి, హ్యాండిల్ దూర్చి, కింద నుంచి పైకి ఒక్క లాగు లాగేవారు. నన్ను దగ్గరికి పిలిచి చూపించేవారు: "బొటనవేలు అవతలికి పెట్టకు నాన్నా, మిగతా వేళ్ళ పక్కనే పెట్టు. ఇంజన్ ఎదురు తంతే వేలు విరుగుతుంది." ఒకప్పుడు ప్రపంచమంతా ఇదే బాధ. అమెరికాలో ఛార్లెస్ కెటరింగ్ అనే ఇంజనీర్ పని వల్ల 1912 మోడల్ క్యాడిలాక్‌లో ఎలక్ట్రిక్ స్టార్టర్ వచ్చింది. అప్పటి నుంచి చేతులు విరగడం తగ్గింది. నూరేళ్ళు దాటింది. అంత గొప్ప వస్తువుని మనం కిలోల లెక్కన తూస్తున్నాం!

సరే, మీ మోటార్ నిజంగానే పోయింది అనుకుందాం. ఏం చెయ్యాలి? నేనేం చేశానో చెప్తా.

మా మోటార్ తీసుకుని విజయవాడ ఆటోనగర్ వెళ్ళాను. నాలుగు షాపుల్లో ఎక్స్‌చేంజ్ అన్నారు. ఐదో చోట ఒక ముసలాయన, వైండింగ్ షాపు, అంటే మోటార్లకి రాగి తీగ మళ్ళీ చుట్టి బాగుచేసే కొట్టు. చిన్న గది, గోడ నిండా ఆర్మేచర్లు. ఆయన మోటార్ చేతిలోకి తీసుకుని, గుడ్డతో ఒక చోట తుడిచి, కళ్ళజోడు పెట్టుకుని నంబర్ చదివాడు. "ఎం35" అన్నాడు. ఆ 35 ఏంటో తెలుసా అని నన్నే అడిగాడు. మోటార్ బాడీ అడ్డకొలత, మూడున్నర అంగుళాలు. పెద్ద సైజువి ఎం418 అని ఉంటాయి, అవి నాలుగూ ఒకటి బై ఎనిమిది అంగుళాలు. అంటే పేరులోనే కొలత రాసి పెట్టారు! దాని పక్కనే ఐదంకెల నంబర్ ఇంకోటి ఉంటుంది, అదే అసలు చిరునామా. ఇంత సమాచారం మోటార్ ఒంటి మీదే ఉంటే మనం ఆర్‌సీ జిరాక్స్ పట్టుకుని తిరుగుతున్నాం.

ఆయన పని చేస్తుంటే నేను పక్కనే కూర్చున్నా. ముందు సిరీస్ బల్బు పెట్టి ఆర్మేచర్ షార్ట్ ఉందేమో చూశాడు. లేదు. ఫీల్డ్ కాయిల్స్ చూశాడు. బాగున్నాయి, పైన ఇన్సులేషన్ టేపు మాత్రం చీకిపోయింది, కొత్తది చుట్టాడు. కార్బన్ బ్రష్‌లు అరిగి ముక్కలయ్యాయి, మార్చాడు. కమ్యుటేటర్, అంటే ఆ బ్రష్‌లు రాసుకునే రాగి రేకుల చుట్టు, నల్లగా గీతలు పడి ఉంది. లేత్ మీద పెట్టి పల్చటి పొర తీశాడు. అక్కడ నేను పెద్ద తెలిసినట్టు "రేకుల మధ్య మైకా కూడా గీకండి తాతా" అన్నాను. ఆయన ఆగి నా వైపు చూసి "డైనమోకి గీకాలి. ఈ సెల్ఫ్‌కి గీకకూడదు" అన్నాడు. ఇంటికొచ్చి పాత సర్వీస్ మాన్యువల్ చూస్తే అదే రాసి ఉంది. చదువుకోలేదు ఆయన. యాభై ఏళ్ళు చేత్తో చేశాడు. ఇలాంటి మనిషిని వదిలేసి మనం నిగనిగలాడే నల్ల పెయింట్ వెనక పడుతున్నాం.

అసలు రోగం చివర్లో బయటపడింది. బుష్‌లు. షాఫ్ట్ రెండు చివర్లా ఉండే కంచు బుష్‌లు అరిగిపోయి, ఆర్మేచర్ కిందికి వాలి, ఫీల్డ్ కాయిల్స్ లోపలి ఇనుప ముక్కలకి రాసుకుంటోంది. అందుకే బరువుగా తిరిగేది, కరెంట్ అంతా మింగేసేది. కొత్త బుష్‌లు వెంటనే కొట్టలేదు ఆయన. ఇంజన్ ఆయిల్ గిన్నెలో వేసి "రేపు రా" అన్నాడు. ఆ కంచుకి కంటికి కనపడని రంధ్రాలు ఉంటాయి, ఒక రోజంతా ఆయిల్ తాగాలి. తాగకుండా కొడితే ఆరు నెలల్లో మళ్ళీ అదే కథ. ఎక్స్‌చేంజ్ మోటార్ల కోసం ఎవరు ఒక రోజు ఆగుతారు చెప్పండి? బెండిక్స్‌ని కిరోసిన్‌తో కడిగి ఆరబెట్టాడు. గ్రీజు పెట్టలేదు. గ్రీజు పెడితే క్లచ్ దుమ్మంతా అంటుకుని చక్రం జారదు. ఇది కూడా చాలా మంది తప్పు చేస్తారు.

మొత్తం నాకు అయ్యింది 2,800 రూపాయలు. ఎక్స్‌చేంజ్ మోటార్‌కి అడిగింది దానికి రెండింతల పైనే. నాది నాకే తిరిగొచ్చింది. బోల్టులు వాటంతట అవే కూర్చున్నాయి. ఎందుకు కూర్చోవు? ఆ బండితో పాటు పుట్టిన మోటార్ అది!

ఇప్పుడు మెకానిక్ అన్నలకి సమాధానం. అన్నా, మీరు రెండు మాటలు అంటున్నారు. ఒకటి, కస్టమర్ ఆగడు, సాయంత్రానికి బండి కావాలి అంటాడు. నిజమే, ఒప్పుకుంటా. ఆ తప్పు మాది, కస్టమర్లది. అయితే మోటార్ ఇవ్వండి, బిగించండి, కానీ పాతది కస్టమర్ డిక్కీలో పెట్టి పంపండి. ఐదు వందలు ఎక్కువ తీసుకోండి, ఫర్వాలేదు, నేనే ఇస్తా. రెండోది, రివైండింగ్‌కి గ్యారంటీ ఉండదు అంటున్నారు. మరి ఎక్స్‌చేంజ్ మోటార్ లోపల ఏముంది అన్నా? అదీ ఎవరో రిపేర్ చేసిందే కదా! ఎవరు చేశారో, ఎక్కడ చేశారో మీకూ తెలియదు, నాకూ తెలియదు. నా మోటార్ ఎవరు చేశారో నాకు తెలుసు, ఆ తాత షాపు ఎక్కడుందో తెలుసు. మీ పొట్ట కొట్టాలని నాకు లేదు. మీ చేతి పని బతకాలని ఉంది. అన్నీ డబ్బా విప్పి బిగించడమే అయితే రేపు మీ అబ్బాయికి ఏం నేర్పిస్తారు?

మరి ఇప్పటికే ఇచ్చేసిన వాళ్ళ సంగతి? బాబాయ్ గారిలాంటి వాళ్ళ సంగతి? వాళ్ళకి కష్టమే, కానీ దారి ఉంది. మోటార్ లేకపోతే రంధ్రం ఉంది కదా. బండి కిందికి వెళ్ళండి, టార్చి పట్టుకుని. బెల్ హౌసింగ్‌లో మోటార్ ముక్కు దూరే రంధ్రం వెర్నియర్‌తో కొలవండి. రెండు బోల్టు రంధ్రాల మధ్య దూరం, మధ్య నుంచి మధ్యకి. మోటార్ కూర్చునే ముఖం నుంచి రింగ్ గేర్ పళ్ళ అంచు దాకా లోతు. రింగ్ గేర్ పళ్ళు లెక్కపెట్టండి. సుద్దతో ఒక పన్ను మీద గీత గీసి, ఫ్యాన్ దగ్గర చేత్తో ఇంజన్ తిప్పుతూ, ఓపిగ్గా. స్పార్క్ ప్లగ్గులు తీసేస్తే తేలిగ్గా తిరుగుతుంది. లెక్కపెడుతున్నప్పుడే ఏ వైపు అంచు చెక్కి ఉందో, ఎక్కడ అరిగిందో చూడండి. నాలుగు సిలిండర్ల ఇంజన్ ఆగేటప్పుడు ఇంచుమించు రెండే చోట్ల ఆగుతుంది, కాబట్టి పళ్ళు కూడా ఆ రెండు చోట్లే ఎక్కువ అరుగుతాయి. అది కొత్త మోటార్ తప్పు అనుకోకండి.

ఈ కొలతలు కాగితం మీద రాసుకుని అప్పుడు బజారుకి వెళ్ళండి. హైదరాబాద్ వాళ్ళు పుత్లీబౌలీ, రాణిగంజ్. విజయవాడ చుట్టుపక్కల వాళ్ళు ఆటోనగర్, విశాఖ వాళ్ళు గాజువాక ఆటోనగర్. కౌంటర్ మీద "అంబాసిడర్‌కి" అనే మాట ఎత్తకండి. కొలతలు చెప్పండి, బెండిక్స్ పళ్ళు ఎన్ని అని అడగండి, ముక్కు వైపు నుంచి చూస్తే ఏ దిక్కుకి తిరుగుతుందో బ్యాటరీ పెట్టి చూపించమనండి. బ్యాటరీ పెట్టేటప్పుడు మోటార్‌ని కాలితో కాదు, వైస్‌లో బిగించాలి. ఎగిరి పడుతుంది, జాగ్రత్త. చూపించను అన్నవాడి దగ్గర కొనకండి. తిరక్కపోయినా సరే, ఒంటి మీద నంబర్ ఉన్న సరైన పాత బాడీ దొరికిందా, కళ్ళకద్దుకుని తీసుకోండి. లోపలిదంతా మళ్ళీ చేయించుకోవచ్చు. బాడీ మాత్రం ఇంక ఎవరూ తయారు చెయ్యరు.

చివరిగా బాబాయ్ గారి సంగతి. పోయిన వారం ఆయన చేత ఇవన్నీ కొలిపించాను. డెబ్బై ఏళ్ళు దాటిన మనిషి, మనవడు టార్చి పట్టుకుంటే బండి కింద పడుకుని పళ్ళు లెక్కపెట్టి నాకు ఫోన్ చేశారు. రెండు సార్లు లెక్కపెట్టారట, తేడా రాకూడదని. ఆ కాగితం పట్టుకుని మొన్న ఆటోనగర్ వెళ్ళాను. వైండింగ్ తాత కాగితం చూసి, లోపలికెళ్ళి, బల్ల కింద నుంచి దుమ్ము పట్టిన మోటార్ ఒకటి లాగాడు. ఎం35. వీపు మీద సొలెనాయిడ్ లేదు. ఆర్మేచర్ కాలిపోయింది, రివైండింగ్‌కి నాలుగు రోజులు పడుతుందన్నాడు. రాజమండ్రిలో గేర్‌బాక్సు దింపి రింగ్ గేర్ తీసేశారు, కొత్త రింగ్ శుక్రవారం ఎక్కిస్తారు. శనివారం పొద్దున ఈ మోటార్ ఒళ్ళో పెట్టుకుని నేను బస్సెక్కుతున్నా. బిగించి, బాబాయ్ గారి చేతే సెల్ఫ్ కొట్టిస్తాను. కెమెరా ఆన్‌లోనే ఉంటుంది.